ఆయుధము దించిన పిమ్మట

శ్రీరామనవమికి భద్రాచలము పోవు జనమునకు లెక్క లేదు. కొత్తగూడెము వైపునుండి వచ్చు బస్సులు పాల్వంచ చేరునప్పటికే నిలువ చోటు లేక నిండియుండును. పెద్దమ్మ తల్లి గుడి ముంగిట కొబ్బరికాయ కొట్టుటకై ఆగిన బండ్లు రహదారి ప్రక్కన బారులు తీరియుండును. చంకను పిల్లను, తలపై మూటను మోయుచు నడచిపోవువారును కొందరు కనబడుదురు. ఇందరును మిథిలా ప్రాంగణమున సీతారాముల కల్యాణమును కన్నులార చూచి, ముత్యపు తలంబ్రాలు రెండు గింజలు దొరికినచో కొంగున ముడివైచుకొని, పొద్దు వాలకమునుపే తిరుగుముఖము పట్టుదురు. మరునాడు, దశమినాడు, ఆ దేవునికే మహాపట్టాభిషేకము జరుగును. కాని నవమినాటి సందడి ఆనాడుండదు. పెండ్లి అందరి యింటను జరుగునది, సింహాసనము ఎవరి యింటను లేనిది. కనుక జనమును తప్పుపట్టుటకు వీలులేదు. అయినను ధర్మవిచారము చేయువానికి ఆ రెండవనాటి ఉత్సవమే ఎక్కువ చిక్కుప్రశ్నను తెచ్చిపెట్టును.

యుద్ధమున గెలిచి వచ్చినవానికి రాజ్యమేలు అర్హత ఆ గెలుపువలననే కలుగునా? రావణుని చంపినందుకు బహుమానముగా రామునికి పట్టాభిషేకము జరిగినదా? భద్రగిరి మూర్తిని చూచినవారెరుగుదురు: నాలుగు చేతులలో శంఖచక్రములతోపాటు విల్లును బాణమును ఉన్నవి, ఎడమ తొడపై సీతమ్మ కూర్చుండియున్నది. గృహస్థుడై, రాజై, సుఖాసీనుడైయున్న వేళను సైతము ఆ స్వామి ఆయుధమును క్రింద పెట్టలేదు. దేవుడు కనుక రెంటిని ఒక్కచేత నెరపగలడనుకొందము. వక్షమున పతకములు ధరించి, ఉద్యోగవిరమణానంతరము వేదికనెక్కి ఓట్లడుగు మనుష్యమాత్రుని సంగతి యేమి? ఆ పతకములను చూచి చేతులెత్తి మ్రొక్కుట మన ధర్మమే. ఆ పతకములను చూచి ఓటు వేయుటయు ధర్మమేనా?

వాల్మీకి దీనికి చెప్పిన సమాధానమును మనము సాధారణముగా గమనింపము. రాముని రాజును చేయవలెనన్న నిర్ణయము లంకాయుద్ధము తరువాత జరిగినది కాదు. అయోధ్యాకాండారంభముననే దశరథుని సభలో పౌరజానపదులు ఆ మాట పలికిరి. అతనియందు మీకింత మక్కువ యేలయని వృద్ధరాజు గ్రుచ్చి అడిగినప్పుడు వారు రాముని పరాక్రమమును పొగడకపోలేదు. కాని వారి మాటలలో నిలిచిపోవునది వేరొకటి. యుద్ధమునుండి ఏనుగుమీదనో రథముమీదనో మరలివచ్చుచు, వీధిలో ఆగి, తన బంధువులనడిగినట్లే పురజనులను కుశలమడుగునట; కొడుకులెట్లున్నారు, అగ్నిహోత్రములు సాగుచున్నవా, ఇల్లాండ్రు క్షేమమా, సేవకులు శిష్యులు చెప్పినమాట వినుచున్నారా, అని ఒక్కొక్కటిగా అడుగునట. శత్రువులెందరు కూలిరను లెక్క సభలో ఎవరును చెప్పలేదు. యుద్ధమునుండి మరలివచ్చు మనుష్యుని మొగము ఎటు తిరిగియున్నదని వారు చూచిరి. అది వెనుకటి రణరంగమువైపు కాక ముందున్న వీధివైపు తిరిగియున్నదని కనిపెట్టి, ఇతడు చాలునని తేల్చిరి. నా మట్టుకు నాకు రాజనీతిశాస్త్రములన్నిటిలోను ఇంతకు మించిన పరీక్ష కానరాలేదు.

మన లోకాచారము మాత్రము ఈ విషయమున వాల్మీకి దారిని పోలేదు. మనము చచ్చిన వీరుని దేవుని చేసితిమి. మేడారమున రెండేండ్లకొకసారి మాఘమాసమున సమ్మక్క సారలమ్మల జాతరకు అడవులన్నియు కదలివచ్చును. కాకతీయ సైన్యమునెదిరించి పోరాడినట్లు ఐతిహ్యము చెప్పు ఆ తల్లీబిడ్డలకు విగ్రహము లేదు. కోయపూజారులు చిలుకలగుట్టనుండి తెచ్చు కుంకుమభరిణెయే సమ్మక్క. పల్నాటిలో కారెంపూడి కడ కార్తిక అమావాస్యనాడు వీరుల ఆయుధములను కడిగి పూజించుదురు. ఊరూరను పొలిమేరలలో పాతియున్న వీరగల్లులు ఎవరివో ఊరివారికి తెలియకున్నను పసుపుకుంకుమలకు లోటుండదు. కాని చావక తిరిగివచ్చిన వీరునకు మనము ఏ గుడిని కట్టితిమి? ఏ వ్రతమును విధించితిమి? ఖడ్గతిక్కన కథ తెలుగువారందరును ఎరిగినదే. కాటమరాజు బలగముతోడి పోరులో వెనుదిరిగి యింటికి రాగా, ఇల్లాలు ఆడువారికి పెట్టునట్లు మంచము చాటున స్నానపు నీళ్ళును పసుపుముద్దయు పెట్టెనట. తల్లి అన్నములో విరిగిన పాలు పోసి, మగవాడు విరిగినట్లే పాలును విరిగినవనెనట. అతడు మరల కత్తి తీసికొనిపోయి చచ్చెను, అటుపిమ్మటనే పాటకెక్కెను. బ్రతికివచ్చినవానికి ఆ యింట చోటు లేకపోయెను. పల్నాటియుద్ధమున మిగిలిన బ్రహ్మనాయునికైనను ఊరిలో స్థానమేది? గుత్తికొండ బిలములో ప్రవేశించెనని చెప్పి కథను ముగించిరి.

ఆ ఖడ్గతిక్కన జ్ఞాతియే, మనుమసిద్ధి ఆస్థానమున మంత్రియై యుండిన కవితిక్కన. విరాటపర్వము మొదలు పదునైదు పర్వములు తెనిగించిన ఆ మహాకవి, తన వంశమున వీరునకు జరిగినదానిని తలచియో తలపకయో మనమెరుగము గాని, బ్రతికిబట్టకట్టిన విజేత యొక్క దుఃఖమును శాంతిపర్వమున తెలుగువారి ముందు పరచెను. ధర్మరాజు గెలిచినాడు, గెలిచిన మరుక్షణముననే కర్ణుడు తన అన్నయని తెలిసినది, ఈ రాజ్యము నాకు వలదు, అడవికి పోయెదనని కూర్చున్నాడు. భీముడు కసరెను, అర్జునుడు శాస్త్రములు చెప్పెను, ద్రౌపది నీకు పిచ్చిపట్టినదనుటకును వెనుదీయలేదు. వ్యాసుడు వచ్చెను, కృష్ణుడు వచ్చెను. తుదకు అందరును కలిసి ఆ విరక్తుని సింహాసనమెక్కించి, అంపశయ్యమీద పడియున్న భీష్ముని కడకు పాఠమునకు పంపిరి. ఎవరి చేతులమీదుగా తాత నేలకొరిగెనో వారినే ఆ తాత కడ రాజధర్మము నేర్చుకొనుమనుటలో ఉన్న కఠోరత్వమును చదువరులు సాధారణముగా దాటిపోవుదురు. నాకు తోచునది, పెద్దలు ధర్మరాజునకు రాజ్యమును బహుమానముగా ఇయ్యలేదు. తపస్సునకు పోయి సులువుగా విడిపించుకొనవలెనని చూచిన బాకీని ప్రజల నడుమ కూర్చుండి తీర్చుమని తిరిగి అతని నెత్తిననే పెట్టిరి. ఆయుధము పట్టినవానికి పదవి పారితోషికము కాదు, ప్రాయశ్చిత్తము. పారితోషికమనుకొన్ననాడు ఆ చేతికి అధికారము తగదు.

పురాణమున చెప్పుట సులభము, చరిత్రలో చూపుట కష్టమనువారు కలరు. పాల్వంచవారికి ఆ చరిత్ర ఎంతో దూరములో లేదు. 1948 నాటికి ఈ తాలూకా నిజాము రాజ్యమున వరంగల్ జిల్లాలోనిది. ఖమ్మము జిల్లా యింకను పుట్టలేదు. గోదావరి దాటినచో అవతలిగట్టు భద్రాచలము మద్రాసు పరిపాలనలోని తూర్పుగోదావరి. ఏటికి ఈ ఒడ్డున నిజాము పక్షపు సాయుధులగు రజాకార్లు, ఆ ఒడ్డున వేరొక సర్కారు. నడుమ అడవిలో సంగపువారి, అనగా కమ్యూనిస్టుల, దళములు. ఆ కాలపు రంగమునుండి ఇద్దరి జీవితములను ప్రక్కప్రక్కన పెట్టి చూడదగును. ఇద్దరును 1908లోనే పుట్టిరి. ఇద్దరును పద్మవిభూషణ బిరుదమునందిరి. 1948 తరువాత కొంతకాలము ఒకరి సైన్యము ఇంకొకరి అనుచరులను అడవులలో వేటాడుచుండెను.

మొదటివాడు మేజరు జనరలు జయంతనాథ చౌధురి. వంగదేశీయుడు, శాండ్‌హర్స్టులో చదివి 1928లో సైన్యమున చేరెను, రెండవ ప్రపంచయుద్ధమున అబిసీనియాలో, ఎడారిలో, బర్మాలో పోరాడి గౌరవములు పొందెను. 1948 సెప్టెంబరు 13న ‘పోలీసు చర్య’ యనబడిన దండయాత్రలో షోలాపూరు వైపునుండి నిజాము రాజ్యముపైకి కవచదళమును నడిపి, 18వ తేదీన నిజాము సేనాపతి ఎద్రూసు చేత లొంగుబాటును స్వీకరించెను. ఆనాటినుండి 1949 తుదివరకు హైదరాబాదు రాజ్యమునకు సైనిక గవర్నరై యుండెను. ఈ యోధుని ఓట్లతో ఎవరును ఎన్నుకొనలేదు. ఆజ్ఞవలన వచ్చి ఆజ్ఞవలననే పోయెను. అయినను రాజ్యము రాజ్యమే. ఆయన ఏలుబడిలో 1949 ఆగస్టున జాగీరులు రద్దైనవి. నిజాము సొంత భూములైన సర్ఫేఖాసు సర్కారులో కలిసినది. అడవిబిడ్డల ప్రాంతములకు ప్రత్యేక నిబంధనలును ఆ యేటనే వచ్చినవి. తరతరాల వెట్టిని చూచిన ప్రజకు ఇవి చిన్న పనులు కావు. ఆ యేలుబడిలోనే యూనియన్ మిలట్రీ తెలంగాణపు పల్లెలమీదను అడవులమీదను విరుచుకుపడినది. దళమునకు అన్నము పెట్టినారని, దారి చూపినారని గూడెములను బాధించినది. పోలీసు చర్యానంతరము కొన్ని జిల్లాలలో ముసల్మానులపై జరిగిన హింసను విచారించుటకు పండిత సుందరలాలును, ఖాజీ అబ్దుల్ గఫారును పంపిన ఢిల్లీ ప్రభుత్వము, వారిచ్చిన నివేదికను దశాబ్దములపాటు వెలుగు చూడనీయలేదు. నివేదికను దాచినది సేనాని కాదు. కాని ప్రాయశ్చిత్తమునకు మొదటి మెట్టు జరిగినదానిని విని తలవంచుట యైనచో, ఆ మెట్టును ఆ కాలపు పాలకులెవరును ఎక్కలేదనక తప్పదు.

చౌధురికి న్యాయము చేయవలెనన్నచో ఇంకొక మాటయు చెప్పవలెను. శాండ్‌హర్స్టులో ఆయనతోపాటు 1928లోనే కమిషను పొందినవాడు అయూబ్‌ఖాను. దేశవిభజనానంతరము అతడు పాకిస్తాను సేనాధిపతియై, 1958లో రాజ్యమును చేజిక్కించుకొని పదేండ్లకు పైగా వదలలేదు. ఒకే బడి, ఒకే యేడు, ఒకే కవాతు. చౌధురి మాత్రము రాజ్యము చేతికి వచ్చినను, పిలుపు రాగానే లేచి తిరిగి సేనలోనికి పోయెను. పిదప సేనాధిపతియయ్యెను, 1965 యుద్ధమును నడిపెను, విరమించిన పిమ్మట కెనడాకు హైకమిషనరుగా పోయెను. కుర్చీనుండి లేచిపోవుటయు ఒక శౌర్యమే. దానికి పతకములుండవు.

రెండవవాడు రావి నారాయణరెడ్డి. నల్లగొండ జిల్లా బొల్లేపల్లిలో భూస్వామి బిడ్డడు. హరిజనసేవలో మొదలిడి ఆంధ్రమహాసభకు అధ్యక్షుడై, పిదప కమ్యూనిస్టై, 1947 సెప్టెంబరు 11న బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీనులతో కలిసి సాయుధపోరాటమునకు పిలుపునిచ్చెను. యూనిఫారమును తొడిగిన సైనికుడు కాడు. కాని తుపాకి పట్టుడని వేలమందిని పిలిచినవాని బాధ్యత, స్వయముగా పట్టినవాని బాధ్యతకంటె తక్కువది కాదు. నిజాము లొంగిన తరువాత ఈయన, ఇక పోరాటమును ఆపవలెనని వాదించెను. అందులకు తన పక్షములోనే ఎన్నో నిందలు పడెను. పిలుపిచ్చిన నోటితోనే చాలించుడనుట ఎంత కష్టమో, ఒకసారి వెనుకకు పిలిచి చూచినవానికిగాని తెలియదు. 1951 అక్టోబరులో పోరాటవిరమణ జరిగెను. 1952 ఎన్నికలలో ఆయన నల్లగొండనుండి మూడు లక్షలకు పైగా ఓట్లతో లోకసభకు పోయెను. నెహ్రూకంటె ఎక్కువ ఓట్లు వచ్చినవని నేటికిని తెలంగాణమున గర్వముగా చెప్పుకొందురు. అది ద్విసభ్య నియోజకవర్గమన్న సంగతి చెప్పుకొనరు. ఏదియైనను, అంతటి ఆదరణ పొందిన మనుష్యుడు ఆ ఆదరణను కత్తిగా మార్చుకొనలేదు. తనకున్న భూమిని పంచి, శాసనసభలోను పార్లమెంటులోను కాలము గడిపి, 1991లో కన్నుమూసెను. మరుసటియేట దేశము ఆయనకు పద్మవిభూషణమిచ్చెను. పోరాటము చాలింపదగదని వాదించినవారు లేకపోలేదు. దళములను నడిపిన భీమిరెడ్డి నరసింహారెడ్డి అట్టివాడే. ఆయనయు తరువాత మిర్యాలగూడనుండి మూడుమారులు పార్లమెంటునకు పోయెను. వారిలో ఎవరు చెప్పినది ఒప్పో తేల్చుట నా పని కాదు. తుపాకిని దించి శాసనసభ మెట్లెక్కిన ఈ మనుష్యులకు ఎదురైన చిక్కు మాత్రము అందరికి ఒక్కటే: అడవిలో ఉన్నప్పుడు లోకము రెండుగా చీలియుండును, మనవారు, పగవారు, సభలో కూర్చున్నప్పుడు పగవాని పొలమునకు కూడ కాలువ త్రవ్వవలసివచ్చును.

ఈ చిక్కును నాకు తేటగా చెప్పినవాడు ఏ గ్రంథకర్తయు కాడు. మా పాల్వంచ పరిసరములలోని ఒక పల్లెలో 1971 యుద్ధమున పోరాడి వచ్చిన వృద్ధ హవల్దారు ఒకడు కలడు. ఊరివారు పేరు పెట్టి పిలువరు, ‘మిలట్రీ తాత’ యందురు. గణతంత్రదినమునాడు బడిలో జెండా ఎగురవేయునప్పుడు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాకు పశ్చిమీ స్టార్ పతకము తగిలించుకొని వచ్చును. దాని రిబ్బను రంగు వెలిసి, చివర దారములు లేచియుండును. మాటలాడుచున్నంతసేపును బొటనవ్రేలితో ఆ దారములను లోపలికి మడచుచుండును. పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడు యువకులు కొందరు ఆయన అరుగుమీదికి చేరి, “తాతా, నువ్వు నిలబడితే ఎదురుండదు, నీ మెడల్ చూస్తేనే ఓట్లు పడ్తయ్” అని బలవంతపెట్టిరి. నేనును అక్కడనే కూర్చుండియుంటిని. ఆయన నవ్వి, “నిలబడేది తర్వాత సంగతి గాని, గెలిచినంక మనకు ఓటెయ్యనోడు మనోడా, పగోడా? అది చెప్పుండ్రి ముందు” అనెను. కుర్రవాండ్రు ఒకరి మొగము ఒకరు చూచుకొనిరి. “బార్డర్ కాడ మాకు లైన్ గీసి చూపెట్టేటోళ్ళు బిడ్డా. అటు దిక్కు ఎవడో, ఇటు దిక్కు ఎవడో తెలిసేది. ఊళ్ళె ఏడ గీస్తరు లైను?” అని, చుట్ట వెలిగించుకొనెను. ఆయన నామినేషను వేయలేదు. వేసియుండవలసినదని నా అభిప్రాయము. ఆ ప్రశ్న ఎవని నోట వచ్చినదో వాడే ఆ కుర్చీకి తగినవాడు. శాంతిపర్వము చెప్పునదియు అదే కదా. వద్దన్నవానినే పెద్దలు బలవంతముగా కూర్చుండబెట్టిరి.

ఈ వాదమునకు ఒక అభ్యంతరము కలదు, అది బలమైనది. ప్రాయశ్చిత్తము, పశ్చాత్తాపమను మాటలు దేశమును కాచిన సైనికునికి అన్వయింపవచ్చునా? అతడు తనకొరకు చంపలేదు. మనకొరకు, మన ప్రభుత్వపు ఆజ్ఞవలన చంపెను. పాపమున్నచో పంపినవారిది. నిజమే. అర్జునునకు కృష్ణుడు చెప్పినదానిలోను ఈ భావమే కలదు. కాని పాపము లేదన్నంతమాత్రమున భారము లేదని కాదు. రావణుని చంపుట ధర్మమని తెలిసియు రాముడు బ్రహ్మహత్యాదోషపరిహారమునకై శివలింగమును ప్రతిష్ఠించెనని రామేశ్వరపు స్థలపురాణము చెప్పును. దోషము లేనిచోట పరిహారమేల యని యాత్రికులెవరును అడుగరు. అమెరికాలో ఐసెన్‌హోవరు యూరపు యుద్ధమును గెలిచిన సేనాని. ఆ కీర్తితోనే అధ్యక్షుడయ్యెను. ఎనిమిదేండ్లు ఏలి దిగిపోవుచు 1961 జనవరిలో దేశమునకు ఆయన చేసిన హెచ్చరిక, ఆయుధపరిశ్రమయు సైన్యమును కలిసి ప్రజాప్రభుత్వమును లోబరచుకొనకుండ చూచుకొనుడనియే. ఆ మాట ఒక శాంతివాది చెప్పియుండినచో ఎవరును చెవినిబెట్టకుందురు. మోసినవానికి బరువు తెలియును; అందువలననే అట్టివారు రాజకీయములలోనికి రావలదని నేననను. రావలెను, పతకమును వాకిట విడిచి రావలెను.

విడిచితిమని చాటుకొనుట వేరొక ప్రమాదము. ధర్మరాజే దానికి ఉదాహరణము. పాపపరిహారమునకై అశ్వమేధము చేయుమని వ్యాసుడు చెప్పగా, మరుత్తుడు హిమవత్పర్వతమున విడిచిన బంగారమును త్రవ్వి తెచ్చి మహావైభవముగా యజ్ఞము చేసెను. యజ్ఞాంతమున, సగము మేను బంగారమైన ముంగిస యొకటి వచ్చి, ఆకలితో చచ్చుచుండియు అతిథికి పేలపిండి ధారపోసిన బీద బ్రాహ్మణుని యింటి నేలపై పొర్లగా నా మేను సగము పసిడియైనది, మిగిలిన సగమునకై ఇక్కడ పొర్లితిని, ఏమియు కాలేదు, ఈ యజ్ఞము ఆ పిండికి సరిరాదని అందరియెదుట పలికి పోయెను. ప్రభుత్వవ్యయముతో జరుగు పశ్చాత్తాపమును గురించి ఇంతకు మించిన విమర్శ వేరొకచోట ఉన్నదో లేదో. ధర్మరాజు ఆ ముంగిసకు బదులు చెప్పలేదు.

అయినను ఆయన ఏలుబడిని యజ్ఞమునుబట్టి కాక, వదలిపోవునప్పుడు చేసిన ఏర్పాటునుబట్టి తూచుట న్యాయమని నాకు తోచును. యుద్ధము జరిగిన ముప్పదియారవ యేట, కృష్ణుని నిర్యాణవార్త విని, పాండవులు మహాప్రస్థానమునకు సిద్ధపడిరి. పరీక్షిత్తును సింహాసనముపై నిలిపి, రాజ్యము చూచుకొనుమని ధర్మరాజు యుయుత్సునకు అప్పగించెను. అతడు ధృతరాష్ట్రుని కొడుకు, కౌరవులకు సవతిసోదరుడు. పరీక్షిత్తునకు గురువుగా కృపాచార్యుని నియమించెను. ఆ కృపుడే, మేనల్లుడగు అశ్వత్థామ అర్ధరాత్రమున పాండవశిబిరమునకు పోయి ద్రౌపది బిడ్డలను నిద్రలోనే చంపుచుండగా, తప్పించుకొని వచ్చువారిని నరుకుచు ద్వారముకడ కావలి నిలిచినవాడు. ఆ అశ్వత్థామయే, పరీక్షిత్తు తల్లిగర్భమున ఉండగా అస్త్రము వేసి చంపజూచినవాడు. ఆ పరీక్షిత్తును తీసికొనిపోయి, ధర్మరాజు ఆ కృపుని చేతిలో పెట్టెను.